ఇప్పచెట్టు దగ్గర ఆగిన బండి

మోటారు బస్సులు ఇంకా పాచిపెంట ఘాటు ఎక్కని రోజులవి. సాలూరు సంతలో వేడి గారెలన్నీ మా ఆడబిడ్డ తినేసి, చల్లారినవి నాకు మిగిల్చింది. ఎద్దుబండిలో మెత్తటి చోటూ ఆమెకే. నన్ను వెనక బస్తాల దగ్గరకు తోశారు. ఇవేవీ నేను మరిచిపోలేదు.

దారిలో ఎక్కిన కొండమనిషి ఒకామె, నా యీడుదే, బస్తాల పక్కన కూర్చుంది. నా గారెల గోడంతా ఆమెకే చెప్పుకున్నాను.

చీకటి పడ్డాక ఒక మలుపులో బండి ఆగింది. బండివాడు ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కాడు. ఎందుకాపావని నేను కేకలెయ్యబోతే, ఆమె అరచేత్తో నా నోరు మూసింది.

"ఊరుకో అప్పా. ఆ ఇప్పసెట్టు కింద సూడు."

వెన్నెల్లో ఎలుగుబంటి, వీపు మీద పిల్లతో, రాలిన పువ్వులు తింటోంది.

"అది తిన్నాకే మనం కదలాల. రేతిరి రాలింది దానికి, తెల్లారి రాలింది మాకు. నీ గారెల్లాగ తగువేటీ లేదు," అంది చెవిలో.

నాకు నవ్వొచ్చింది. అయినా ఎలుగు అడవిలోకి వెళ్లేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు. ఆ చేతికి ఇప్పపూల వాసన.

కొండ మీద మాకంటే ముందే దిగిపోయింది. పేరు అడగలేదు. ఇప్పటికీ ఎవరి మీదైనా నోరు తెరిచినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. ఆ చెయ్యి రాదు. అనాల్సింది అనేస్తాను.