పాపక్క వాతలు మానిన సంగతి

పల్లెలో ఏ ఇంట బాలింత ఉంటే, పొద్దు పొడిచేసరికి పాపక్క ఆ ఇంట ఉండేది. ఎవరూ పిలవనక్కరలేదు. సూర్యుడికి ఒక దండం పెట్టి, కొంగు నడుముకు దోపి, కాళ్ళు బారజాపి కూర్చుని, పసిబిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ వేసి, బిడ్డ నిద్రపోయాక, బాలింత చేత నాలుగు ముద్దలు తినిపించి గానీ కదిలేది కాదు. వాళ్ళిచ్చే తమలపాకులు తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు. "కన్నింది ఒకర్నే, నీళ్ళు పోసింది నూర్ల మందికి" అని నవ్వేది.

రామకుప్పం దగ్గర అడవి అంచున ఉన్న ఆ పల్లెకు బయటి ఊళ్ళవాళ్ళు వచ్చేది మాత్రం ఆమె పెట్టే వాతల కోసం. బిడ్డ ఊపిరాడక డొక్కలు ఎగరేస్తుంటే, పసుపుకొమ్మును దీపం మీద కాల్చి పొట్టమీద మూడుచోట్ల అంటించేది. అత్త దగ్గర నేర్చుకున్న పని అది. బైరెడ్డిపల్లె నుంచీ, కుప్పం అవతలి తమిళ పల్లెల నుంచీ బిడ్డలను ఎత్తుకొచ్చేవారు. బస్సు దిగినవాళ్ళను ఆటో గఫూర్ నేరుగా ఆమె గడప ముందు దించేవాడు. అతని కూతురు మెహ్రీన్ పొట్టమీదా పాపక్క పెట్టిన మూడు మచ్చలున్నాయి. వాత పెట్టాక బిడ్డ ఏడుపు ఆగేదాకా పాపక్క కూడా ఏడ్చేది. మేలు చేస్తున్నాననే ఆమె నమ్మకం.

రెండేళ్ళ కిందట అంగన్‌వాడీ గదిలో శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు ఆరోగ్య పాఠాలు మొదలయ్యాయి. చెప్పేది పుంగనూరు నుంచి వచ్చిన నర్సు వాణి. వాతల గురించి మాట వచ్చిన వారం అందరి చూపులూ పాపక్క మీదే. "ఈ పొద్దు పాపక్కకు పడ్తాది సూడు వాత" అని వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వాణి మందలించలేదు. "పాపక్కా, జబ్బు బిడ్డను నువ్వెట్ల గుర్తుపడతావు? చెప్పు, వీళ్ళూ వింటారు" అంది.

"ఏముండాదమ్మా. పాలు తాగదు. ముక్కుపుటాలు ఎగరేస్తాది. పక్కటెముకల కింద గుంట పడతాది. కుక్కపిల్ల మాదిరి రొప్పుతాది."

"మా పుస్తకంలోనూ ఇదే ఉంది. గుర్తుపట్టేది సరిగ్గా గుర్తుపడతావు. ఆ తర్వాత చేసేదే తప్పు. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే, పొట్ట కాల్చి ఏం లాభం?"

అందరూ వెళ్ళిపోయేదాకా పాపక్క అక్కడే కూర్చుంది. "అమ్మా, ఇరవై ఏండ్ల నాడు ఒక బిడ్డకు వాత పెట్టి, మూడు దినాలు సూడండని పంపిస్తి. మూడో దినం పోయినాడు. ఆలీసంగా తెచ్చినారులే అని నాకు నేనే సెప్పుకుంటి. నా సేతివల్లనే పోయినాడా?"

వాణి అబద్ధం చెప్పలేకపోయింది. ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "వాత వల్ల కాకపోవచ్చు పాపక్కా. ఆ మూడు దినాల వల్ల" అంది.

ఆ వారమంతా పాపక్క దేవుడి ముందు దీపం పెట్టింది గానీ, ఏమీ కోరుకోలేదు. మళ్ళీ శనివారం అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఆమెకు అంకెలు రావు. అందుకని వాణి ఒక సంచిలో యాభై చింతగింజలు పోసి, నిమిషం కాగానే మోగే చిన్న గడియారం ఇచ్చింది. ఊపిరికొక గింజ పక్కన పెట్టాలి. రెండు నెలలు దాటిన బిడ్డకు, గడియారం మోగకముందే గింజలు అయిపోతే ఆసుపత్రికి పోవాల్సిందే.

మార్గశిర మాసం చలిలో ఒక తెల్లవారుజామున తులసమ్మ ఐదు నెలల మనవడిని ఎత్తుకొచ్చింది. వెనక కోడలు శ్వేత. బిడ్డ తండ్రి టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు పోయి ఉన్నాడు. పసుపుకొమ్ము తులసమ్మే తెచ్చుకుంది.

"వాత పెట్టు పాపక్కా, డొక్కలెగరేస్తాండాడు."

పాపక్క బిడ్డ చొక్కా పైకెత్తి గింజలు పెట్టసాగింది.

"బిడ్డ పోతాంటే సింతగింజల ఆటలేందే నీకు? శనివారం శనివారం పోయి పెద్ద డాక్టరమ్మ అయిపోతివే!"

గింజలు అయిపోయాయి. గడియారం ఇంకా మోగలేదు.

"కుప్పం పోదాం పద తులసమ్మా. నేను వాత పెట్టను."

"నా కొడుక్కి పెడితివి, ఈ పొద్దు లోడ్లెత్తుతాండాడు. నా మనవడికి యాల పెట్టవు? ఒక్కటన్నా పెట్టు. పెట్టినాక పోతాం ఆస్పత్రికి."

ఒక్కటి పెడితే పోరని పాపక్కకు తెలుసు. గుణం కనిపిస్తుందేమోనని ఇంటి దగ్గరే చూస్తూ కూర్చుంటారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

అంతవరకూ నోరు విప్పని శ్వేత చేతులు చాచింది. "బిడ్డను నాకియ్యత్తా. నేను పోతాండాను. నువ్వొస్తే రా."

కోడలు ఎదురు మాట్లాడటం తులసమ్మ ఎన్నడూ ఎరగదు. ఆమె ముఖం వాడిపోయింది. పాపక్క అది చూసింది. విభూతి తెచ్చి బిడ్డ నుదుట పెట్టి, తులసమ్మ భుజం పట్టుకుంది.

"నా సెయ్యి పడింది కదా. ఇంక దేవుడు, డాక్టరు సూసుకుంటారు. కండ్లు తెరిసినప్పుడు వాడు అవ్వ యాడని ఎతకడా? సెప్పులేసుకో."

గఫూర్ ఆటోలో నలుగురూ కుప్పం చేరారు. బిడ్డకు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. వరండాలో పాపక్క కునుకు తీస్తుంటే తులసమ్మ తన దుప్పటి తెచ్చి కప్పి వెళ్ళింది.

ఆరో రోజు బిడ్డ నవ్వుతూ ఇంటికి బయలుదేరాడు. వాళ్ళను వాళ్ళ వాకిట్లో దించి, తోడున్న పాపక్కతో గఫూర్ ఆటో ఆమె ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గడప మీద ఒక తల్లి పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పొద్దున్నే దించినా పాపక్కా. మధ్యాన్నానికి వచ్చేస్తాది, కూర్చోమ్మా అని చెప్పినా" అన్నాడు గఫూర్.

పాపక్క గింజలు తీసింది. పదో పదకొండో మిగిలి ఉండగా గడియారం మోగింది. కానీ బిడ్డ రొమ్ము అందిస్తే తాగడం లేదు. "ఎక్కమ్మా ఆటో" అంది.

ఆసుపత్రి గేటు కనిపించాక పాపక్క గఫూర్ వైపు వంగింది.

"అప్పా, పొద్దుననుంచీ ఆ తల్లి నా కోసమే కూర్చునింది. నాకొక ఉపకారం సెయ్యి. పాపక్క ఇల్లు యాడని అడిగినోళ్ళను ఇంక నా వాకిట్లో దించొద్దు. ఈడ దించు."

"వాతలకొచ్చినోళ్ళు నన్ను తిడతారే?"

"పాపక్కే పంపించమనిందని సెప్పు. తిట్టేది నన్ను తిట్టమను. ఈ ఒక్కటీ సెయ్యప్పా."