వెనక గది

చిత్తూరులో డ్రాయింగు మాస్టరుగా రిటైరైన ధనంజయ, ఎమర్జెన్సీ ఏడాది చంద్రగిరి కోటగోడ పక్కన ఒక పాత పెంకుటిల్లు సగం ధరకే కొన్నాడు. ఇల్లు అమ్మిన కుప్పమ్మ బతికినంత కాలం వెనక గదిలో ఉండేటట్టు కాగితం రాసుకున్నారు. ఆమెకు అప్పటికే ఎనభై, పైగా దగ్గు. ఏడాది ఓపిక పడితే చాలనుకున్నాడు. ఆరేళ్లయింది. ప్రతి ఆదివారం బస్సు దిగగానే మాస్టరు మెడ సాచి వెనక గది వైపు చూస్తాడు. పొయ్యి పొగ కనిపిస్తే భుజాలు జారిపోతాయి. అయినా లోపలికొచ్చి, "దగ్గెట్లుండాది అవ్వా?" అని ఆశగా అడుగుతాడు. "తగ్గతా ఉండాది నాయనా. నీకే బస్సు ఛార్జీ దండగ," అంటుంది కుప్పమ్మ.

మొన్న ఆశ్వయుజంలో ఆమె జ్వరంతో మంచం పట్టిందని తెలిసి, మాస్టరు కొలతల టేపుతో దిగాడు. మంచం చుట్టూ తిరిగి గది కొలుస్తుంటే, ఆమె కాళ్లు ముడుచుకుని టేపు కొస పట్టుకుంది.

"ఈడేం పెడతావప్పా?"

"బీరువా."

"ఆ మూల వద్దు. వానొస్తే ధారగా కారతాది."

మర్నాడే మాస్టరు మేస్త్రీని పిలిపించి, తుపాన్లు రాకముందే ఇంటి పెంకులన్నీ మార్పించాడు. వెనక గది మీదికి మాత్రం నిచ్చెన వేయనివ్వలేదు. వెళ్లేముందు, గాలి బాగా తగులుతుందని చెప్పి, అవ్వ మంచాన్ని ఆ మూలకు తనే జరిపాడు.