షార్ట్‌హ్యాండ్‌లో అయిదు పేర్లు

1986లో కువైట్‌లోని షర్క్‌లో, ఓడసరుకుల బీమా చూసే ఒక ఆఫీసులో ఇంగ్లీషు స్టెనోగ్రాఫరుగా చేరాను. మాది రాజంపేట. సరుకు తడిసినా తగలబడినా కారణం తేల్చే సర్వేయరు కింద నన్ను వేశారు. ఆయన పేరు కొనాటీ, ఐర్లాండు దేశస్థుడు. పొద్దున షుఐబా రేవుకు వెళ్ళి సరుకు చూసి, మధ్యాహ్నం వచ్చి రిపోర్టు చెప్పేవాడు. నేను షార్ట్‌హ్యాండ్‌లో తీసుకుని టైపు చేసేవాణ్ణి.

ఆయన నేరపరిశోధన నవలలు రాస్తాడని ఏడాది దాటాక గాని తెలియలేదు. తండ్రి ఒక చిన్న రేవు పట్టణంలో పోలీసు సార్జెంటు. మొదటి మూడు నవలలూ ప్రచురణకర్తల దగ్గరి నుంచి తిరిగి వచ్చాయి. నాలుగోది అచ్చయినా పెద్దగా ఎవరూ చదవలేదు. అయిదోది ఆఫీసు ముగిశాక నాకు చెప్పి రాయించేవాడు. ఓడలో వంటవాడి హత్య, ఇన్‌స్పెక్టరు ఓడలోని వాళ్ళను ఒక్కొక్కరిగా విచారించడం దాని మొదటి అధ్యాయం. దాన్నే తొమ్మిదిసార్లు మార్చి తొమ్మిదిసార్లు టైపు చేయించాడు. ఆయనకు రాయడం సరిగా రాదేమో అనుకునేవాణ్ణి.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. కొద్ది వారాల్లోనే పాశ్చాత్య దేశాల వాళ్ళంతా హాజరు కావాలని, వాళ్ళను దాచినవాళ్ళకు ఉరి అని ఉత్తర్వులు వెలువడ్డాయి. కొనాటీ బ్నీద్ అల్ గార్‌లోని నా గదికి నడిచి వచ్చాడు. అక్కడ అయిదుగురం ఉంటాం, దాచే చోటు లేదు. వెనక వీధిలో రాయచోటి నుంచి వచ్చిన ఓబులమ్మ ఇంటిపని చేసే ఇల్లుంది. ఆమె 'మామా వాళ్ళు' అని పిలిచే యజమానులు సెలవులకు వెళ్ళి బయటే ఉండిపోయారు. ఆమెనే అడిగాను.

"మామా వాళ్ళు వచ్చేదాకా తాళాలు నా కాడనే ఉండాయి గదన్నా. ఇంటికొచ్చిన మనిషిని యాడికి తరిమేది? కింద గదిలో ఉండనీ," అంది.

అలాగే దాక్కున్నవాళ్ళు చుట్టుపక్కల ఇంకో నలుగురున్నారు. వాళ్ళకు రొట్టె, మందులు చేర్చే పని నాకూ ఓబులమ్మకూ పడింది. భారతీయులను సైనికులు అంతగా ఆపేవాళ్ళు కాదు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరికి ఏ మందు కావాలో కొనాటీ చెప్పాడు, నేను రాసుకున్నాను. షార్ట్‌హ్యాండ్ ఎవరికి అర్థమవుతుందన్నది నా ధైర్యం. వేరే కాగితం లేక నవల ఉన్న నోటుబుక్కులోనే రాశాను.

సెప్టెంబరులో ఒక ఉదయం రొట్టెల సంచీతో వెళ్తుంటే తనిఖీ దగ్గర సైనికులు ఆపారు. అడుగున నోటుబుక్కు దొరికింది. నా ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, తీసుకుని, పక్కనే సైన్యం ఆక్రమించుకున్న బడికి తీసుకెళ్ళారు. లోపల ఒక కెప్టెన్ పిల్లల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు బాగా వచ్చు.

"ఇది ఏ సంకేత భాష?"

షార్ట్‌హ్యాండ్ అనీ, మాట ధ్వనిని బట్టి గీతలు గీస్తామనీ, ఇది హత్య కథ అనీ చెప్పాను. ఆయన పేజీలు తిప్పి సరిగ్గా జాబితా దగ్గర ఆగాడు. మనుషుల పేర్ల కింద రెండు చిన్న గీతలు పెట్టడం మా పద్ధతి. అంకెలు మాత్రం మామూలుగానే వేస్తాం. ఆ పేజీలో అలాంటి గీతలు అయిదు చోట్ల ఉన్నాయి. పక్కన ఇంటి నంబర్లు.

"ఈ గీతలేమిటి?"

"పేర్లు సార్."

"ఈ అంకెలు?"

"ఓడలో గదుల నంబర్లు."

"చదువు."

కొత్తగా కల్పిస్తే మళ్ళీ అడిగినప్పుడు తప్పుతానని తెలుసు. తొమ్మిదిసార్లు టైపు చేసిన అధ్యాయాన్ని అందుకున్నాను. వంటవాడి శవం, ఇన్‌స్పెక్టరు రాక, నావికుల విచారణ. ఒక్కో పేరు దగ్గర పేజీలో ఉన్న అంకెను గది నంబరుగా చేర్చాను. వేలు గీతల మీద కదిలిస్తూనే ఉన్నాను; ఒక్కో గీతలో ఎన్ని మాటలు పడతాయో ఆయనకు తెలియదు.

అంతా విని, "మళ్ళీ చదువు" అన్నాడు. ఈసారి తన వేలు అంకెల మీద పెట్టి విన్నాడు. ఒక్క మాటా మారలేదు.

"చంపిందెవరు?"

"ఇంకా అక్కడిదాకా రాయలేదు సార్."

ఆయన నవ్వలేదు. ఇఖామా ఇచ్చేశాడు. నోటుబుక్కు మాత్రం సొరుగులో పెట్టి, "చదవగలిగినవాడికి చూపిస్తాను. యల్లా, వెళ్ళు," అన్నాడు.

నేరుగా ఓబులమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"అయితే పొద్దు మునిగేలోగా అందర్నీ మార్చాల. ఏడ్చేదానికి ఇప్పుడు టైము లేదన్నా. నువ్వు ఆ పక్క పో, నేను ఈ పక్క పోతా."

కొనాటీతో సహా నలుగురిని మార్చగలిగాం. అయిదో ఆయన ముసలి ఇంజనీరు, కాలికి పుండు. కదలలేనని ఉండిపోయాడు. మూడో రోజున సైనికులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. నా పుస్తకం వల్ల వచ్చారో, ఇరుగుపొరుగు చెబితే వచ్చారో ఈనాటికీ తెలియదు.

అక్టోబరులో నేనూ ఓబులమ్మా బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి విమానమెక్కాం. డిసెంబరులో విదేశీయులను వదిలిపెట్టినప్పుడు కొనాటీ ఇల్లు చేరాడు. ఇంజనీరు కూడా బయటపడ్డాడనీ, కాలు తీసేశారనీ ఉత్తరం రాశాడు. ఇంటికి చేరాక పూర్తి చేసిన ఆ అయిదో నవలతో కొనాటీకి పేరు వచ్చింది. ఉద్యోగం మానేసి, చనిపోయేదాకా మరో ఏడు రాశాడు. ఇంజనీరు సంగతి మాత్రం ఏ నవలలోనూ వాడుకోలేదు.

తర్వాత పదిహేనేళ్ళు రాజంపేటలో షార్ట్‌హ్యాండ్ నేర్పాను. విన్నదల్లా రాయడం మా వృత్తి అలవాటు. ఆ జాబితా మొత్తం అయిదు వరుసలు. ఒక అధ్యాయమంతా నోటికి వచ్చినవాడికి అయిదు వరుసలు గుర్తుండవా? ఉండేవి. అలవాటు కొద్దీ రాశాను. ఏది రాయకూడదో తెలుసుకోవడం కూడా ఉద్యోగంలో భాగమేనని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకు మొదటి రోజే చెప్పేవాణ్ణి.