పై ఊరి వేట

ఆ ఎండాకాలం పెద్ద ఎన్నికలప్పుడు మా ఊరు మొత్తానికి ఒక్క వేలికే సిరా అంటింది. ఆ వేలు నాది కాదు. మిగిలిన వేళ్లకి అంటకపోవడానికి కారణం మాత్రం నేనే.

నేను జీపు తోలతాను. డుంబ్రిగుడ సంత నుంచి కొండల్లోని ఊళ్లకు మనుషుల్నీ, మిరియాల బస్తాల్నీ, కోళ్లనీ ఒకే సీటులో సర్ది తీసుకెళ్తాను. దారి పొడుగునా కబుర్లు చెప్తాను. నిజాలు చెప్పుకుంటూ పోతే ఘాట్ మలుపులు తరగవు. ఒకసారి మంచు ఎంత చిక్కగా పట్టిందంటే, కత్తితో పలకలు పలకలుగా కోసి పక్కసీటులో పేర్చుకుంటూ బండి నడిపాననీ, ఇంటికొచ్చేసరికి అవి కరిగి సీటంతా తడిసిపోతే మా ఆవిడ నన్ను అనుమానించిందనీ చెప్పాను. జనం పడీపడీ నవ్వారు. ఎవరూ నమ్మలేదు. నమ్మరని తెలుసు కాబట్టే నాకంత ధైర్యం.

వాళ్లు నమ్మిన ఒకే ఒక్క కబురు గురించి ఇప్పుడు చెప్తున్నాను.

మా ఊరికి జీపు రాదు. కొండ కిందే ఆగిపోతుంది. ఓటెయ్యాలంటే రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి, కొండెక్కి దిగి, పంచాయతీ ఊరి బడికి వెళ్లాలి. పొద్దున్నే బయల్దేరితే ఎండ నడినెత్తికొచ్చేసరికి చేరతాం. మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా సర్పంచ్ ఓటైనా, ఢిల్లీ ఓటైనా ఒక్కటీ వదల్లేదు.

"ఎందుకే పెద్దమ్మా ఇంత కష్టం?" అని ఒకసారి అడిగాను.

"ఆడ కాయితంలో నా పేరు సూసి పైకి సదువుతారు గదరా, అందరూ ఇనేలాగ. నా పేరు అలాగ ఇంకెక్కడ సదువుతారు? దానికోసమే ఎల్తాను," అంది.

బూత్ మా ఊళ్లోనే పెట్టమని ఆవిడ అడగ్గా అడగ్గా గ్రామ సచివాలయం ఉద్యోగి ఒకాయన మా ఊరు వచ్చాడు. కుర్రాడు, మంచివాడు. మా ఊరి బడి చుట్టూ తిరిగి, తలుపుకి గడియ ఉందో లేదో కూడా చూశాడు. "ఈసారి పెద్ద ఎన్నికలకి మీ ఊరి నుంచి ఎంతమంది నడిచొస్తారో పెద్దాఫీసర్లు చూస్తారమ్మా. అందరూ వస్తే నేను గట్టిగా రాస్తాను. మళ్లీసారికి బూత్ ఈ బడిలోనే పెట్టొచ్చు," అన్నాడు. పెద్దమ్మ ఆయన చేతిలో నాలుగు పనసతొనలు పెట్టి, అప్పటికప్పుడే బడి గుమ్మం ఊడ్చేసింది.

ఆ ఎన్నికల ముందు చలికాలంలో పక్క రాష్ట్రంలో ఓట్లు పడ్డాయి. మాకు సంబంధం లేనివి. కానీ లెక్కింపు రోజున నేను సరిహద్దు సంతకి పిప్పళ్ల లోడు తీసుకెళ్లాను. అక్కడి టీ కొట్టు టీవీలో ఒక కోటు మనిషి మాటిమాటికీ "ఇది సెమీఫైనల్, ఇది సెమీఫైనల్" అంటున్నాడు. బయట టపాకాయలు పేలుతున్నాయి. నేను చూసింది అంతే. ఒక టీ తాగాను, వచ్చేశాను.

ఊళ్లో మాత్రం అంతే చూశానని చెప్పలేదు. లెక్కింపు గదిలోకి నన్ను పిలిచి కుర్చీ వేశారన్నాను. పెద్ద ఆఫీసరు చెవిలో చెప్పాడన్నాను. రేపు ఎండాకాలం ఇక్కడా ఆ గెలిచినవాళ్లే వస్తారు, ఢిల్లీలోనూ వాళ్లే, అంతా అయిపోయింది అన్నాను.

"సెమీఫైనలంటే ఏటి?" అని ఎవరో అడిగారు.

నేను కాసేపు ఆలోచించాను. ఆ ఆలోచించడమే నేను చేసిన తప్పు.

"పై ఊరి వేట," అన్నాను.

మా వైపు చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగాళ్లు వేటకి వెళ్తారు. ఇప్పుడు అడవిలో ఏమీ లేదు, ఉన్నా కొట్టనివ్వరు. వెళ్లి తిరిగి రావడమే వేట. మాకంటే ఎత్తులో ఉన్న ఊరు మాకంటే ముందు పండగ చేస్తుంది. వాళ్లకి వేట కలిసొస్తే మాకూ కలిసొస్తుందనీ, ఆ ఏడు పంట బాగుంటుందనీ మా నమ్మకం. టీవీలో కోటు మనిషి ఎంత అరిచినా మా ఊళ్లో ఎవరికీ ఎక్కనిది, నేనన్న ఒక్క మాటతో అందరికీ ఎక్కేసింది. పక్క రాష్ట్రం పై ఊరు. వాళ్ల వేట అయిపోయింది. మనదేదో తెలిసిపోయింది. ముసలివాళ్లు కూడా తలలూపారు. నా కబురుకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఎంత గర్వపడ్డానో!

ఓట్ల రోజు వచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. పెద్దమ్మ కర్ర పట్టుకుని, సీసాలో అంబలి పోసుకుని, ఇంటింటి ముందూ నిలబడింది.

"రండర్రా, బేగి రండి. ఎండెక్కిపోతంది."

పనస చెట్టు నీడలో మేం పదిమంది మగాళ్లం కూర్చుని ఉన్నాం. ఆడవాళ్లు కూడా గుమ్మాలు దిగలేదు.

"ఎందుకే ఎల్లడం? వొచ్చీవోలెవలో తెలిసిపోనాది గదా," అన్నాడు ఒకడు.

"అవునే. పై ఊరి వేట అయిపోనాది," అన్నాడు ఇంకొకడు.

పెద్దమ్మ నాకేసి చూసింది. "నువ్వు సెప్పరా గుంటడా. నీ మాట ఇంతారు. ఎల్దాం రమ్మని సెప్పు." నలభై ఎనిమిదేళ్లొచ్చినా ఆవిడకి నేను గుంటడినే.

అప్పుడు చెప్పొచ్చు. టీ తాగి వచ్చేశానురా, కుర్చీ లేదు, ఆఫీసరు లేడు, లేవండి అని. ఆ పదిమంది ముందు నా పెద్దరికం పోతుందనిపించింది. "ఎండగా ఉంది పెద్దమ్మా, నువ్వూ కూకో," అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. ఒక్కతే గెడ్డ వైపు దిగిపోయింది. నేను వెనకాల వెళ్లలేదు.

దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చింది. మోకాళ్లు వాచిపోయాయి. ఎడమచేతి వేలి మీద సిరా. నీళ్లు ఇస్తే తాగి, నాతో మాత్రం అంది: "మీ ఊరోళ్లేరమ్మా అని అడిగినారు. గెడ్డ పొంగింది బాబూ, దాటలేకపోనారు అన్నాను. ఎండాకాలంలో గెడ్డ పొంగడమేటి, మరి నువ్వెలాగ దాటినావు అన్నారు. అందరూ నవ్వినారు. నీలాగ అబద్దమాడ్డం నాకు రాదురా."

ఆవిడ జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటేనేమో. అదీ మా కోసం.

ఫలితాలు వచ్చాయి. నేను చెప్పింది కొన్నిచోట్ల అయింది, కొన్నిచోట్ల కాలేదు. పక్క రాష్ట్రం ఓటు ఏమీ చెప్పదని నేననను. జనానికి ఎవరి మీద విసుగొచ్చిందో, ఏ ధర కడుపు మండిస్తోందో కొంత చెప్తుంది. కానీ అది వాళ్ల గెడ్డ దాటి వాళ్లు చెప్పిన మాట. మా మాట మేం నడిచివెళ్లి చెప్పాలి. ఇంత చిన్న సంగతి నాకు ముందు తెలియదా అంటే, తెలుసు. తెలిసే కబుర్లు చెప్పాను.

తర్వాత సచివాలయం కుర్రాడు వచ్చాడు. బడి వైపు చూడలేదు. "ఒక్క ఓటు పెద్దమ్మా. ఒక్క ఓటు చూపించి బూత్ ఎలా అడగను? నన్నే నవ్వుతారు," అన్నాడు. పెద్దమ్మ "నీ తప్పేటుంది బాబూ," అని ఆయనకి ఆసారి కూడా పనసతొనలు పెట్టింది. నేను జీపు కడిగే వంకన కొండ దిగిపోయాను.

మళ్లీ చైత్రం వచ్చింది. వేటకని అందరితో పాటు నేనూ అడవికి వెళ్లి, అందరిలాగే వట్టిచేతులతో తిరిగొచ్చాను. అలా వచ్చినవాళ్ల మీద ఊరి మొదట్లోనే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. ఏటా నేను అరుస్తూ, కల్లుకుండ వెనక నక్కుతూ అందరినీ నవ్విస్తాను. ఆ రోజు నక్కలేదు. తెల్లచొక్కా వేసుకుని వెళ్లి, కుండ పట్టుకున్న పెద్దమ్మ ఎదురుగా నిలబడి కళ్లు మూసుకున్నాను.

"సల్లు పెద్దమ్మా," అన్నాను. "మొత్తం నా మీదే పొయ్యి."

చుట్టూ నవ్వులు, తిట్లు, తడి చప్పుడు. నా మీద చుక్క పడలేదు. కళ్లు తెరిచాను. ఆవిడ కుండ దించేసి నాకేసి చూస్తోంది. కోపం లేదు. అది లేకపోవడమే భరించలేకపోయాను.

"పై ఊరోళ్లకి వేట దొరికిందని, మనోళ్లు ఏనాడైనా ఇంటికాడ కూకున్నారేట్రా?" అంది. "ఇది ఎల్లి, వట్టిచేతుల్తో వొచ్చినోడి మీద సల్లీది. ఓట్ల రోజు నువ్వు ఎల్లనే నేదు గదా."

కుండ చంకనెత్తుకుని, కుంటుకుంటూ నా వెనకాల ఉన్నవాడి దగ్గరికి వెళ్లింది. ఆ సాయంత్రం మా ఊళ్లో మరక పడని చొక్కా నాదొక్కటే.