మేలు చేసినవాడి పేరు

పోయిన నెలలో కారుకు టైర్లు మార్పించడానికి వెళ్లి, ఆ షాపు ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేడెక్కిన ఇనుము మీద కాగిన నూనె వాసన వచ్చి, నలభై ఏళ్ల కిందటి మా నాన్నగారి చొక్కాను తెచ్చి నా ముఖానికి చుట్టినట్టయింది. సరిగ్గా అప్పుడే ఒక ఆడగొంతు "ఆల్డెన్!" అని పిలిచింది. లేచి నిలబడ్డాను. నా మోకాళ్ల పక్కనుంచి మూడేళ్ల తెల్లపిల్లాడొకడు బిస్కట్ పట్టుకుని పరుగెత్తి వాళ్లమ్మ ఒళ్లో పడ్డాడు. లేచినవాణ్ని వెంటనే కూర్చోవడం బాగుండదని, గోడమీది టైర్ల ధరల పట్టికను కాసేపు శ్రద్ధగా చదివాను.

నా పేరు ఆల్డెన్. దానికి ముందు మా ఇంటిపేరు, వెనక మా తాతగారి పేరు ఉన్నాయి గాని ఈ దేశంలో వాటిని అడిగినవాళ్లు లేరు. మా బడి లైబ్రరీలో ఉండే పేర్ల పుస్తకంలో చూస్తే ఇది పాత ఇంగ్లీషు పేరనీ, పాత మిత్రుడని అర్థమనీ, మొదట్లో తూర్పుతీరంలో దిగిన వలసవాళ్లలో ఇంటిపేరుగా ఉండి తర్వాతి తరాల్లో పిల్లలకు పెట్టుకునే పేరయిందనీ ఉంది. నేను పుట్టేనాటికి అది ముసలివాళ్ల పేరు. సరస్సుల దగ్గర టూరిస్టు దుకాణాల్లో పిల్లల పేర్లు రాసిన తాళంచెవుల గొలుసులు వరసగా వేలాడుతుండేవి. అలన్ తర్వాత అలెక్స్ ఉండేది, మధ్యలో నేను ఉండేవాణ్ని కాదు. కొత్త టీచరు హాజరు పిలిచినప్పుడు బంగారురంగు జుట్టున్న పిల్లాడి కోసం గదంతా వెతికి, చివరికి నా చెయ్యి చూసి, మళ్లీ కాగితం చూసుకునేది. తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకో రకం. "మీరు క్రిస్టియన్సా అండీ?" అని కొత్తగా దిగిన ఆంటీలు మా అమ్మను అడిగేవారు. "కాదమ్మా" అని అమ్మ వడ్డన కొనసాగించేది. వివరాలు చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు.

ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇక్కడ చెప్తాను. మా వైపు, గోదావరి దగ్గర, మేలు చేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకోవడం ఉంది. మా ముత్తాతగారు తన ప్రాణం నిలిపిన ఒక వైద్యుడి పేరు కొడుక్కి పెట్టారు. ఆనాటినుంచి మూడు తరాలు ఆ వైద్యుడి ఇంట పెళ్లయితే మా ఇంటినుంచి అరటిగెలలు, మా ఇంట పెళ్లయితే వాళ్లింటినుంచి పట్టుచీర వెళ్లి వచ్చేవి; వాళ్లది వేరే కులమైనా ఎవరూ నోరెత్తలేదు. పేరు పెట్టడమంటే రెండిళ్ల మధ్య ముడి వెయ్యడమని మావాళ్ల నమ్మకం. ఆ ముడి రెండువైపులా బిగుస్తుందని కూడా.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల డోర్లకు కావలసిన రేకు భాగాలను ప్రెస్సుల మీద అచ్చు గుద్దే షాపు ఒకటుండేది. దాని సొంతదారు ఆల్డెన్ గారు. చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, మూడు చలికోట్లున్న మనుషుల మధ్య ఒక్క పల్చటి కోటుతో తిరుగుతున్న మా నాన్నగారిని లోపలికి పిలిచి, ఒక అచ్చుదిమ్మ చేతికిచ్చి, "దీన్లో తప్పేంటో చెప్పు" అన్నాడట. నాన్నగారు చెప్పారు. ఆరేళ్లలో షాపంతా నాన్నగారి చేతిమీదుగా నడిచింది. "దిస్ ప్లేస్ ఈజ్ యాజ్ మచ్ యువర్స్ యాజ్ మైన్, సామ్" అని ఆయన చెయ్యి కలిపిన వారంలోనే నేను పుట్టాను. మంచు నడుములోతు పడిన రోజు, తన ట్రక్కుకు మంచు తోసే బ్లేడు తగిలించుకుని అమ్మను ఆస్పత్రికి చేర్చింది కూడా ఆయనే. షాపులో పనివాళ్లందరూ ఆయన్ను 'ఆల్' అనేవారు; సత్యనారాయణ అనే మా నాన్నగారిని సామ్ అనేవారు. నాన్నగారు ఒక్కరే ఆయన్ను పూర్తి పేరుతో, వెనక 'గారు' చేర్చి పిలిచేవారు.

నా బారసాలకు ఆయన టై కట్టుకుని వచ్చి, పళ్లెంలో పోసిన బియ్యం మీద నాన్నగారు ఉంగరంతో తన పేరు రాయడం చూసి, చెవులదాకా ఎర్రబడి నవ్వాడట. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఆ నవ్వును అంగీకారంగా తీసుకుంది.

ఆ పేరుతో మా ఇంట్లో నా పరిస్థితి వింతగా ఉండేది. పెద్దవాళ్ల పేరున్న పిల్లాణ్ని ఆ పేరుతో తిట్టకూడదు, 'గా' అని పిలవకూడదు. పెరట్లో ఎండాకాలం మూడు నెలలే బతికే గోంగూర మడిలోకి సైకిలు తోలినా, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినా, మామ్మ పళ్లు బిగబట్టుకుని, "ఆల్డేను గారూ, తమరు కాస్త అవతలికి దయచెయ్యండి" అనేది. వీపు మీద మాత్రం చరిచేది. పేరుకు వీపుతో సంబంధం లేదని ఆవిడ తీర్పు.

ఆ రోజుల్లో మా ఇల్లు ఇల్లులా ఉండేది. చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో కొత్తగా చేరిన తెలుగువాళ్లు మొదటి ఆదివారం మా ఇంట్లో తినకుండా ఉద్యోగం మొదలుపెట్టేవారు కాదు. చలికాలంలో మా గరాజ్ గట్టు మీద నలభై జతల బూట్లు మంచు కారుతూ ఉండేవి, లోపల పెసరట్ల పెనం చల్లారేది కాదు. అన్నిటికంటే గొప్పది దసరా. ఆయుధపూజనాడు షాపులో ప్రెస్సులన్నీ ఆపించి, నూనె మరకలు తుడిపించి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసేవారు. బూడిదగుమ్మడికాయ దొరకదు గనక, అక్టోబరులో రోడ్డు పక్కన కుప్పలు పోసే నారింజరంగు గుమ్మడికాయల్లో బరువైనది తెచ్చి, షాపు వాకిట్లో నాన్నగారు పగలగొడితే పనివాళ్లు చప్పట్లు కొట్టేవారు. నల్లవాళ్లు, పోలిష్ వాళ్లు, కెంటకీ నుంచి వచ్చినవాళ్లు అందరూ కాగితం పళ్లేల్లో పులిహోర తింటూ, పచ్చిమిరపకాయ కొరికి ఎగిరినవాణ్ని చూసి పగలబడి నవ్వేవారు. ఆల్డెన్ గారు టోపీ తీసి, తల వంచి నిలబడితే, మామ్మ మునివేళ్ల మీద లేచి బొట్టు పెట్టేది. తర్వాత నన్ను పిలిచి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టించేది. ఆయన ప్రతి ఏడూ కంగారుగా వెనక్కి జరిగి, నా తల మీద ఒక చెయ్యి వేసేవాడు. ఆ చేతికి కూడా ఆ నూనె వాసనే.

నాకు పదేళ్లప్పుడు ఆయన షాపును ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. నాన్నగారికి శుక్రవారం సాయంత్రం తెలిసింది. భాగస్వామ్యానికి కాగితం లేదు. ఎందుకు లేదని అమ్మ అడగలేదు; మామ్మ అడిగింది.

"ఒరే సత్యం, ఇన్నేళ్లు ఒక్క ముక్క రాయించుకోలేదేంట్రా?"

"కొడుక్కి ఆయన పేరు పెట్టుకున్నవాణ్ని, కాగితం ఎలా అడగనమ్మా?" అన్నారు నాన్నగారు.

మర్నాడు పొద్దున నాన్నగారు టై కట్టుకున్నారు. నాకు ఉన్ని కోటు తొడిగి, తల దువ్వి, ఎక్కడికో చెప్పకుండా కారెక్కించారు. సరస్సు పక్కన ఆల్డెన్ గారి ఇంట్లో వసారా అంతా అట్టపెట్టెలు, వాటి మీద ఫ్లోరిడా అని రాసి ఉంది. ఆయన స్వెట్టరుతో తలుపు తీసి, "సామ్, ఇట్స్ సాటర్డే" అన్నాడు. నాన్నగారు నన్ను భుజాలు పట్టి ముందుకు నిలబెట్టారు.

"టెల్ హిమ్ యువర్ నేమ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనకు నా పేరు తెలుసు కదా. అయినా చెప్పాను. "ఆల్డెన్."

"ఎగైన్" అన్నారు నాన్నగారు. మళ్లీ చెప్పాను.

ఆ ముసలాయన నన్ను చూశాడు, నాన్నగారిని చూశాడు. ఆయన ముఖంలో దొంగతనం లేదు. ఉండి ఉంటే ఇన్నేళ్లు నాకు తేలికగా ఉండేది. నిజంగా అర్థం కాని మనిషి ముఖం అది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టు, ఆ పేరు తనకెప్పుడూ నచ్చలేదనీ, చిన్నప్పుడు వాళ్లమ్మ తప్ప ఎవరూ అలా పిలిచేవారు కాదనీ, మీరు బిడ్డకు పెట్టుకోవడం సరదాగా అనిపించిందనీ చెప్పి, చివర్న నెమ్మదిగా అడిగాడు: "బట్ వాట్స్ ద బాయ్స్ నేమ్ గాట్ టు డూ విత్ ద షాప్, సామ్?"

"గుడ్ డే, సర్" అన్నారు నాన్నగారు. గారు కాదు, సర్. తిరిగి వచ్చేటప్పుడు రెండు సిగ్నళ్లు దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇది ఇంట్లో చెప్పకు" అన్నారు. నేను చెప్పలేదు.

తర్వాతివి ఎవరికైనా జరిగేవే. కొత్త కంపెనీ నాన్నగారిని ఉంచుకోలేదు, ఇల్లు పోయింది. రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి మారాం. నాన్నగారు ఇంకొకరి షాపులో ఇన్‌స్పెక్టర్‌గా చేరి, తన కంటే చిన్నవాళ్ల చేత సామ్ అని పిలిపించుకున్నారు. మా పెసరట్లు తిన్నవాళ్లు పండగ భోజనాల్లో మాకు మూల కుర్చీలు చూపించడం మొదలుపెట్టారు. "రైడ్ కావాలంటే మొహమాటపడకండి వదినా" అని ఒకావిడ అంటే, "మా కారు బాగానే ఉందమ్మా" అని అమ్మ, స్టార్ట్ అవని మా కారు దగ్గరికి వీపు నిటారుగా పెట్టుకుని నడిచింది. ఆ ఏడు ఆయుధపూజకు పూజించడానికి ప్రెస్సు లేక, నాన్నగారు తన కొలతల కాలిపర్‌ను వంటగది గట్టు మీద పెట్టి, దానికి ఒక్క బొట్టు పెట్టారు.

ఇంట్లో మారింది నా పేరు. మామ్మ నోటికి కట్టుబాటు తెగింది. పాలు ఒలకబోసినా, తలుపు చప్పుడుగా వేసినా, "ఒరే ఆల్డేనుగా! నీ చేతులు పడిపోను! నీ కొంప కూల! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవా!" అని గొంతు పగిలేలా తిట్టేది. పదేళ్లు దాచుకున్న తిట్లు, ఒక్కటీ వదల్లేదు.

అమ్మ ఒకసారి ఆగలేక, "అత్తయ్యగారూ, వాడు మన పిల్లాడండీ" అంది.

"నేనేం వీణ్నంటన్నానేంటే? ఆ ముసలాణ్నంటన్నాను. వీడు మధ్యలో ఉన్నాడు, నన్నేం చెయ్యమంటావు?"

నేను మధ్యలోనే ఉన్నాను. ఏ తిట్టు నాది, ఏది ఆయనది అని విడదీసుకోవడం పదేళ్లవాడికి చేతకాదు. కొన్నాళ్లకు ఎవరు పిలిచినా, ముద్దుగా పిలిచినా, ముందు భుజాలు ముడుచుకునేవి.

పేరు మార్చేద్దామని, తాతగారి పేరే ముందుకు తెద్దామని మామ్మ పట్టుబట్టింది. నాన్నగారు ఒక్క మాటే అన్నారు. "పెట్టింది మనం. ఇచ్చి వెనక్కి తీసుకోవడం ఆయన పద్ధతి, మనది కాదు." మామ్మ ఆ తర్వాత అడగలేదు. తిట్టడమూ మానలేదు. ఆ మాట మా కుటుంబంలో మిగిలిన ఏకైక ఆస్తి అని నేను అనుకుంటాను. దాన్ని అనుభవించవలసినవాణ్ని నేనే అయినా, ఒక్కసారి కూడా వద్దనలేదు.

మామ్మ పోయింది, నాన్నగారు పోయారు, అమ్మ పోయింది. షాపున్న చోట ఇప్పుడు పిల్లలు గెంతే ట్రాంపొలిన్ల పార్కు ఉంది. 'ఆల్డేనుగా' అని తిట్టేవాళ్లు ఈ భూమ్మీద లేరు. అది నాకు లోటు అనిపిస్తుందని అనుకోలేదు.

కిందటి ఆదివారం సన్నీవేల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఏడో నెల.

"నాన్నా, బేబీ బాయ్ కదా. తాత పేరు పెట్టే కస్టమ్ ఉంది అన్నావ్ కదా? యువర్ నేమ్ ఈజ్ సో ట్రెండీ రైట్ నౌ! మా ఫ్రెండ్స్ అందరికీ నచ్చింది. పెట్టొచ్చా?"

వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్తే, ఆ వసారాలో టై కట్టుకుని నిలబడ్డ మా నాన్నగారిని నా కూతురు చూస్తుంది.

"హలో? నాన్నా? అసలు ఎవరి పేరు అది, ఒరిజినల్‌గా?"

"మా నాన్నగారు నాకు పెట్టిన పేరమ్మా" అన్నాను. "పెట్టుకో."

"ఆఁ, స్వీట్!" అంది.

నా తర్వాత అది మా ఇంటివాళ్ల పేరే అవుతుంది. ఆ ముసలాయన అందులో ఎక్కడా ఉండడు. ఆయనకు నేను చెయ్యగలిగిన కీడు ఇంతే, చేశాను.

నాన్నగారికిచ్చిన మాట తప్పానని ఎవరూ అనుకోనక్కరలేదు. ఇంట్లో చెప్పకు అన్నారు, చెప్పలేదు. మామ్మ నన్ను వంటబల్ల దగ్గర కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది. నేను నా కూతురికి దిద్దించలేదు. ఈ దేశంలోనే, పార్సిప్పనీలో పుట్టి పెరిగిన నా భార్యకు తెలుగు మాట్లాడడం వరకే వచ్చు. ఇది చదవగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.