చెయ్యెత్తి పోగొట్టుకున్న పనసచెట్టు

వైశాఖ మాసం, రెండో ఆదివారం, పగలు పదకొండుంబావు. టెక్కలిలో ఒక కాలేజీ, మేడ మీద ఎడమచేతి గది. సరిగ్గా ఆ ముహూర్తాన నా పనసచెట్టు పోయింది. తుపాను కాదు, గొడ్డలి కాదు, కోర్టు కూడా కాదు. ఒక వ్యాసం పట్టుకుపోయింది. ఆ వ్యాసం నా పగవాడు రాసి ఉంటే వాణ్ణి తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. రాసింది నేనే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఒకటి. కుర్రతనం అనుకోండి.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. మా పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖ అచ్చయి వస్తే, తలకిందులుగా పట్టుకుని "అచ్చు బాగా పడ్డాది" అన్నాను. వియ్యంకుడు పక్కనే ఉన్నాడు. ఆ వారంలోనే వెళ్లి రాత్రిబడిలో కూర్చున్నాను. అప్పటికి నలభై దాటేశాయి. పలక పట్టిన చేత్తోనే పదో తరగతి, ఇంటరు గట్టెక్కేశాను. కొబ్బరితోట చూసుకుంటూ, ఆదివారాల్లో టెక్కలి వెళ్లి డిగ్రీలో కూడా చేరాను. వచ్చిన అక్షరాల కంటే పొగరే ఎక్కువ వచ్చింది. సంతలో కనబడిన ప్రతి బోర్డూ పైకి చదివేవాణ్ణి. బస్సు మీద రాసినది బస్సు డ్రైవరుకే చదివి వినిపించేవాణ్ణి.

ఇక చెట్టు సంగతి. ఉద్దానంలో మా తోట, మా ఆవిడ దమయంతి అన్నగారి తోట ఆనుకుని ఉంటాయి. ఆ అన్నగారే ఢిల్లేశ్వరరావు బావ. రెండు తోటల మధ్య గట్టు, గట్టుకి మా వైపు పనసచెట్టు. మొదలు మా నేలలో ఉంది. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన తుపానుకి అది బావ వైపు ఒరిగిపోయింది, పెళ్లిలో మొగమాటం లేకుండా పక్కవాడి భుజమ్మీద నిద్రపోయినవాడిలాగ. అప్పటినుంచి వేళ్లు నావి, కాయలు వేలాడేది ఆయన పశువుల శాల మీద.

"మొదలు నాది. సెట్టు నాది," అన్నాను నేను.

"నీ మొదలు నువ్వు తినుకో బావా. కాయలు నావి," అన్నాడు ఆయన.

మాటలు బందయ్యాయి. అయితే ఏమైంది తెలుసా? బావ కంటే ముందు కోసేయాలని నేను, నాకంటే ముందు కోసేయాలని బావ, కాయ చెయ్యంత అయ్యిందో లేదో కోసేసేవాళ్లం. మూడేళ్లు రెండిళ్లలోనూ పనసకాయ కూరే. పండు మొహం ఎవరూ చూడలేదు. దమయంతి పుట్టింటి గడప తొక్కడం మానేసింది. "నాకా సెట్టు తొన ఒక్కటి తినాలనున్నాది. మీరిద్దరూ సచ్చినాక తింటానేటో," అనేది. కూర వడ్డిస్తూ అనేది. వేడి వేడిగా.

ఆ ఏడు మా ఆవిడ మేనమావ, సుమ్మాదేవి ఊళ్లో ఉండే నారాయణ మావ, కబురు పెట్టాడు. "ఒకడూ కాయ ముట్టుకోకండి. వైశాఖంలో రెండో ఆదివారం సాయంత్రం నాను రైలు దిగొత్తాను. తగువు తీరుస్తాను." మావ మాట ఇద్దరం దాటలేం. చెట్టు మీద ఒకే ఒక్క పెద్ద కాయ మిగిలింది. నేను గట్టుకివతల, బావ గట్టుకవతల, దాన్నే కాపలా కాస్తూ కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడే సుభాషిణి మేడం మాకు వ్యాసం ఇచ్చింది. చిన్న వయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, పెన్నులో మాత్రం జీడిసొన పోసుకుంటుంది. అంశం: "నేను గట్టిగా నమ్మే విషయం". ఇంకేం కావాలి నాకు! ఒక్క ఊపులో రాసిపారేశాను. "పనసచెట్టు నాది. మా బావది కాదు. ఎందుకంటే నాది కనుక. ఇంక మాటల్లేవు." కింద గీత కొట్టి సంతకం కూడా చేశాను.

పదికి మూడు వచ్చాయి. పక్కన రాసింది: "ఇది తీర్పులా ఉంది, వ్యాసంలా లేదు. అవతలివారి వాదన ఎక్కడ? ఆయన వైపునుంచి చూసి, ఆయనే రాస్తున్నంత బలంగా మళ్లీ రాయండి. మూడో ప్రతిలో దాన్ని మీరు ఖండించవచ్చు."

లేచి నిలబడ్డాను. "మేడం, అవతలోడికి వాదనేటి? ఆడి దగ్గర ఉన్నది నోరొక్కటే."

"అయితే ఆ నోటితో ఏమంటారో అదే రాయండి లోకనాథం గారూ."

"నాను ఒకసారి రాసిన మాట మార్చనండీ."

"మార్చకపోతే మూడు మార్కులే ఉంటాయండీ."

నా పక్క బెంచీలో అనసూయమ్మ, టెక్కలి అంగన్‌వాడీలో పనిచేస్తుంది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక బెంచీలో హారిక ఇంకా గట్టిగా నవ్వింది. హారిక ఎవరనుకుంటున్నారు? ఢిల్లేశ్వరరావు బావ మనవరాలు. కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల షాపులో చేస్తూ ఆదివారాలు చదువుకుంటోంది. శత్రువు మనిషి తరగతిలోనే ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చూడండి.

మేడం ఆయన వైపునుంచి చూడమంది కదా. నేను మాట వింటే పూర్తిగా వింటాను. ఒక మధ్యాహ్నం బావ కాశీబుగ్గ వెళ్లాడని తెలుసుకుని, కాగితాలు పట్టుకుని గట్టు దాటి, ఆయన శాల నీడలో కొబ్బరిమట్ట పరుచుకుని కూర్చున్నాను.

గట్టు అవతలనుంచి దమయంతి కేకేసింది. "ఏటి సేత్తన్నావక్కడ? మా అన్న తోటలో దొంగతనానికెల్లినావేటి?"

"ఒల్లకుండే! సదువుకుంతన్నాను."

"మన తోటలో సదువు ఎక్కదేటి?"

తలెత్తి చెట్టు వైపు చూశాను. చూస్తే, మూడేళ్లలో నేను చూడనివన్నీ కనబడ్డాయి. ఒరిగిన మొదలు కింద రెండు తాటిదుంగలు ఊతంగా ఉన్నాయి. మా వైపునుంచి ఆకులు అడ్డం, కనబడవు. పైకి తేలిన వేళ్ల మీద తట్టలకొద్దీ మట్టి. శాల పైకప్పు మీద నాలుగు చోట్ల కొత్త పెంకులు, నా కాయలు పడి పగిలిన చోట. ఇంక నాకు పూనకం వచ్చింది. నేను లోకనాథాన్నన్న సంగతి మరిచిపోయాను. బావనైపోయాను. నామీద నాకే పట్టరాని కోపం వచ్చింది. ఇదిగో ఇలా రాశాను:

"నా పేరు ఢిల్లేశ్వరరావు. తుపాను రాత్రి మా బావ లోకనాథం దుప్పటి ముసుగేసుకుని దేవుణ్ణి పిలుస్తున్నాడు. చెట్టు నా శాల మీద పడింది. తెల్లవారి నేను దాన్ని నరికేయవచ్చు. నరకలేదు. దుంగలు తెచ్చి నిలబెట్టాను. మట్టి పోశాను. మా బావ వచ్చి చూసి 'నా చెట్టు బతికింది' అన్నాడు. ఎవరు బతికించారని అడగలేదు. పుట్టించింది ఆయన నేలే కావచ్చు. చావకుండా ఆపింది నేను. మా బావ మంచివాడే. కాని పొడుగ్గా మాట్లాడతాడు, పొట్టిగా ఆలోచిస్తాడు."

ఆ చివరి వాక్యం రాశాక నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఎంత బాగుందో చూడండి!

ఇక ఆ ఆదివారానికి వద్దాం. ఎండకి జడిసి తరగతికి నలుగురమే వచ్చాం. నేను, హారిక, అనసూయమ్మ, గుడిలో అర్చకత్వం చేసుకుంటూ డిగ్రీ చదువుతున్న సోమయాజులు గారు. మేడం నా కాగితం చేతిలోకి తీసుకుని, "ఇది అందరూ వినాలి," అంది. నా ఛాతీ ఉబ్బింది. చదవడం మొదలుపెట్టింది. అబ్బ, ఏం గొంతు! తాటిదుంగల దగ్గర సోమయాజులు గారు కళ్లు తుడుచుకున్నారు. "ఎవరు బతికించారని అడగలేదు" దగ్గర అనసూయమ్మ, "ఛీ, ఏం మనిషండీ ఆ లోకనాథం!" అనేసింది. నేను కూడా "అవునమ్మా" అన్నాను.

"పదికి తొమ్మిది," అంది మేడం. "వాదన ఇలా ఉండాలి. ఇప్పుడు చెప్పండి, ఇది విన్నాక చెట్టు ఢిల్లేశ్వరరావు గారిదే అనుకునేవాళ్లు చేతులెత్తండి."

హారిక ఎత్తింది. అనసూయమ్మ ఎత్తింది. సోమయాజులు గారు ఉత్తరీయం సర్దుకుని ఎత్తారు. నాలుగో చెయ్యి కూడా లేచింది. అందరికంటే పైకి లేచింది. నిటారుగా, కొబ్బరిచెట్టులాగ.

అనసూయమ్మ మోచేత్తో పొడిచింది. "ఏటండీ, మీరెత్తారు?"

"న్యాయం ఉన్నాది కదమ్మా," అన్నాను.

అప్పుడు టక్‌మని చప్పుడైంది. వెనక్కి చూస్తే హారిక ఫోను. ఎత్తిన చెయ్యి తీసింది, మేడం బల్ల దగ్గరికెళ్లి కాగితం రెండు వైపులా తీసింది, మార్కులు తీసింది. నేను చెయ్యి దించేలోపు అవన్నీ ఉద్దానం చేరిపోయాయి.

"ఓలె హారికా! ఎవులికి పంపినావే?"

"మా తాతకి. నువ్వింత బాగా రాసినావని మురిసిపోతాడు కదేటి తాతా!"

ఆ సాయంత్రమే పంచాయితీ ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పరుగున బస్సెక్కి కాశీబుగ్గలో దిగాను. మా ఊరి ఆటో గణపతి నన్ను చూడగానే పళ్లికిలించాడు. "ఏటి మావా, సెట్టు ఇచ్చీసినావట?"

"ఎవుడు సెప్పినాడ్రా నీకు?"

"సెప్పడమేటి, సూసినాను! సెయ్యి బాగా లేపినావు మావా. ఓట్లప్పుడు కూడా అంత లేపలేదు."

ఇంటికెళ్లేసరికి గట్టు దగ్గర మంచం వేసి ఉంది. మంచం మీద నారాయణ మావ. ఎదురుగా ఢిల్లేశ్వరరావు బావ నిలబడి, ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని, బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు నా వ్యాసం చదువుతున్నాడు. నేను వచ్చేవేళకి "పొడుగ్గా మాట్లాడతాడు" దగ్గరున్నాడు. ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఒక్కసారి చాలదూ?

"మావా, అది నా మాట కాదు," అన్నాను.

"మరి ఎవుల మాట?"

"బావ మాట."

"రాసిందెవులు?"

"నానే. కాని బావనయి రాసినాను."

మావ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఎండలో తిరిగినావేట్రా?"

"మేడం రాయమన్నాది మావా! ముందు నాది రాసినాను. అందులో సెట్టు నాదే."

"దానికెన్ని మార్కులొచ్చాయి?"

దమయంతి గుమ్మంలోంచి అందించింది. "మూడు."

"మరి ఢిల్లీగాడి దానికి?"

"తొమ్మిది," అంది దమయంతి. ఈవిడ ఎవరి పెళ్లామో ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు.

మావ మోకాలు తట్టుకుని లేచాడు. "టెక్కలి కాలేజీలో సదువుకున్న తల్లి తొమ్మిదిచ్చినాక నాను సెప్పేదేటి? సెయ్యి కూడా ఎత్తినాడు కదా. సెట్టు ఢిల్లీది. కాయ పండినాక నాకో తొన అంపండి. నాను బేగి రైలుకెల్లాల."

బావ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఫోను జేబులో పెట్టుకుని నా పక్కన కూలబడ్డాడు. "బావా, ఆ దుంగల సంగతి మూడేళ్లనుంచి నా ఇంట్లోవోల్లకి కూడా సెప్పలేకపోనాను. సెప్పబోతే కోపమొచ్చి తిట్టీసేవోణ్ణి. నువ్వు రెండు పేజీల్లో రాసీసినావు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ పొట్టిగా ఆలోచించడం మటుకు నాకు తట్టలేదు బావా. శానా బాగున్నాది."

దమయంతి అంది: "మా అన్నకి ప్లీడరు కావాలంటే నా ఇంట్లోనే ఉన్నాడని తెలీక మూడేళ్లు కూరొండినాను."

చెట్టు మీద ఆ కాయని ఈసారి ఎవరూ తొందరపడి కోయలేదు. వారం తిరిగేసరికి పండి రెండు తోటలూ ఘుమఘుమలాడాయి. హారిక సగం పండు మోసుకుని మా ఇంటికొచ్చింది. దమయంతి పీట వేసుకుని, చేతులకి నూనె రాసుకుని, ఒక్కో తొనా వలుచుకుని, కళ్లు మూసుకుని తింది. తర్వాత గిన్నె కడిగి, మూడేళ్ల తర్వాత మొదటిసారి గట్టు దాటి, అన్నగారింటికి వెళ్లింది.

హారిక మాత్రం కదల్లేదు. "తాతా, మా తాత ఒక మాట సెప్పమన్నాడు. మూడో పేపరులో ఖండన రాయాలట కదా. వచ్చే ఏటి కాయలు కోసిందాకా రాయొద్దన్నాడు."

రాయకుండా ఉంటానా? రాశాను. రాత్రీ పగలూ కూర్చుని, బావ వాదనని ముక్కముక్కలుగా కొట్టాను. వేళ్ల గురించి రాశాను, నేల గురించి రాశాను, దమయంతి తండ్రి, మా మావగారు, దాన్ని మా నేలలో నాటిన రోజు గురించి కూడా రాశాను. మేడం పదికి ఎనిమిదిచ్చింది. పక్కన ఒక ముక్క రాసింది: "బాగుంది. అయినా ఢిల్లేశ్వరరావు గారి వాదనే ఇంకా బలంగా ఉంది."

ఒక్క మార్కు! చెట్టు బావ దగ్గరే ఉండిపోయింది.

అందుచేత, చదివేవాళ్లందరి ఎదుటా, కొబ్బరిచెట్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట గట్టు దాటి వ్యాసం రాయను. అవతలివాడి వాదన అవతలివాడే రాసుకోవాలి. రాయడం రాకపోతే రాత్రిబడికి వెళ్లాలి. నేను వెళ్లలేదా?

రేపు ఎవరూ "మేం చూడలేదు" అనకుండా, ఆ రోజు ఉన్నవాళ్లందరి పేర్లూ ఇక్కడ పెడుతున్నాను. తొమ్మిది వేసిన సుభాషిణి మేడం. ఛీ అన్న అనసూయమ్మ. కళ్లు తుడుచుకున్న సోమయాజులు గారు. ఫోను పట్టుకున్న హారిక. పళ్లికిలించిన గణపతి. రైలు తొందరలో తీర్పు చెప్పిన నారాయణ మావ. ఒకే వాక్యం రెండుసార్లు చదివిన ఢిల్లేశ్వరరావు బావ. గుమ్మంలోంచి మార్కులు అందించిన దమయంతి. ఎటూ మాట్లాడకుండా రెండు దుంగల మీద ఒరిగి విన్న పనసచెట్టు. ఆఖరున నేను, లోకనాథం. ఆ కుడిచెయ్యి నాదే.