పెద్దులు పట్టిన ఏదుపందులు

పెద్దులు మనిషి మంచోడే గని, తనకు తెలిసిందే లోకమనుకునే రకం. ఆ తెలివితోనే ఈసారి ఇంటికి పోయే తొవ్వ తనే మూసుకున్నడు.

ఊరు నిర్మల్ దిక్కు. యాభై ఆరేండ్లుంటయి. ఒమన్‌కు వచ్చి పదునాలుగేండ్లాయె. ముందుగాల సైట్ల మీద ఇటుకలు మోసిండు. నడుము పడిపోయినంక బహ్లా అనే ఊర్ల ఈ ఖర్జూర తోటల పనికి కుదిరిండు. ఇక్కడా నడుము వంచుడే, కాకపోతే చెట్ల నీడకు. మూడేండ్లాయె ఊరు మొఖం సూడక. ఎంత పండుకున్నా ఒంట్లె అలసట దిగుతలేదు.

ఇంటికాడ పెండ్లాం గౌరవ్వకు కండ్లల్ల పొరలొచ్చినయి. దవాఖానల ఆపరేషన్ తారీఖు గూడ ఇచ్చిండ్రు. "నువ్వొచ్చి పక్కన కూసుంటెనే చేయించుకుంట, లేకుంటె లేదు" అని మొండికేసింది. తోట యజమానిని అందరు అర్బాబ్ అంటరు. ఆయన గూడ సరేనన్నడు. "చెట్ల నడుమ ఏసే క్యాబేజీ నారు పాదుకున్నంక పో. రెండు నెలలు ఛుట్టీ."

నారు నాటిన మూడో దినం, పొద్దుగూకంగ, గట్టు మీద దోసెడంత ముండ్ల జంతువు కనవడ్డది. పెద్దులు దాన్ని ఏదుపంది పిల్లనుకున్నడు. ఊర్ల ఏదుపందులు మక్కచేను మొత్తం కొరికి పాడువెట్టిన ఏడు ఆయనకింకా యాదికుంది. "ఓరి నీయవ్వ, ఈడికి గూడ వచ్చినవా!" గిది పిల్లయితే తల్లి యాడనో ఉంటదనుకున్నడు. ఒళ్లు పుండైతున్నా, డ్యూటీ అయినంక ఐదు మాపులు కాపుగాసి, మూడింటిని గోనెసంచిల పట్టి, సైకిలు మీద తీస్కపోయి వాగు అవతల రాళ్లల్ల ఇడిసి వచ్చిండు. సంపుదామంటె మాత్రం చెయ్యి రాలే. తల్లి ఎంతకూ కనవడలే. ఉంటె గద!

వారం తిరగకముందే నారు మొదళ్లకాడ తెగి వాలిపోవట్టింది. సగం మడి పోయింది.

అర్బాబ్ తల్లి అజీజా కర్ర పట్టుకొని వచ్చి, ఒక మొక్క మొదట్ల మన్ను గీకింది. లావుపాటి పురుగు ముడుచుకొని బయటపడ్డది. "ఇక్కడ తిరిగే కున్ఫుద్‌లు, గా చిన్న ముండ్ల జీవాలు, ఏవి? మాపటికి కాలువకు నీళ్లకొస్తుండె" అని అడిగింది. పెద్దులు వచ్చీరాని అరబ్బీల, చేతులతోని, తన ఘనకార్యం చెప్పిండు. ముసలమ్మ తిట్టలే. కర్ర మీద గడ్డం ఆనిచ్చింది. తర్వాత మెల్లగ చెప్పింది. అది దేని పిల్లా కాదు, ఎదిగినా గంతే ఉంటది. ఆకు ముట్టది, వేరు ముట్టది. పురుగులు, కీచురాళ్లు, తేళ్లు దొరికినా వదలది. భయమైతే ముండ్ల ఉండ లెక్క ముడుచుకుంటది. పగలంతా పొద కింద పండుకొని, చీకటి పడంగనే మడి మడి తిరిగి పురుగులు ఏరుకొని తింటది. "నా చిన్నప్పటిసంది ఈ తోటకు కావలి అవే."

అర్బాబ్ గూడ కోప్పడలే. తిట్టినా బాగుండు. మల్ల నారు పొయ్యాలె, మల్ల నాటాలె. ఛుట్టీ సంగతి రంజాన్ అయినంక సూద్దామన్నడు.

శుక్రవారం పెద్దులు వాగు రాళ్లల్ల మాపుదాంక వెతికిండు. ఒక్కటి దొరికింది. తువ్వాలల చుట్టుకొస్తుంటె అరచేతులల్ల ముండ్లు దిగినయి. దాన్ని మడి పక్కన ఇడిసి, గట్టు మీదనే కూలబడి ఇంటికి ఫోన్ చేసిండు.

అంతా ఇని గౌరవ్వ పక్కున నవ్వింది. "పొరలొచ్చింది నా కండ్లకా, నీ కండ్లకానయ్యా?"

పెద్దులు గూడ నవ్విండు గని, నవ్వు ఎక్కువసేపు నిలవలే. "తారీఖు తప్పియ్యకే. పక్కింటి కమలవ్వను తోడు తీస్కపో."

"తీస్కపోత. కట్టిప్పిననాడు ముందుగాల నీ మొఖమే సూడాలనుకున్న. ఇప్పుడు ఎవలది సూడాలె?"

"ఫోన్ల కనవడ్త గదనే."

"మూడేండ్లసంది గా ఫోన్లనే సూస్తి గదయ్యా. సూసి సూసే కండ్లు గిట్లాయె."

పెద్దులు ఫోన్ ఇంకో చెవికి మార్చిండు. అరచేతులల్ల ముండ్లు దిగినకాడ ఇంకా మంట తగ్గలే.